నాయనకు వాచీ కొనాల్నా, బీపీ మిషన్ కొనాల్నా?

“అన్నా, నాయన ఈసారి కూడా అలిపిరి మెట్ల మీదే పోతానంటా ఉండాడు. చేతికి మంచి వాచీ ఒకటి కట్టి పంపిస్తే నాకు ఈడ నిద్ర పడుతుంది. ఏది కొనమంటావు?”

బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటున్న మా తిరుపతి కొర్లగుంట పిల్లోడు పోయిన నెల రాత్రి పదింటప్పుడు ఫోన్ చేసి అడిగిన మాట ఇది. వాళ్ళ నాయనకు 62 ఏళ్ళు. బీపీకి పొద్దున ఒక మాత్ర వేసుకుంటాడు. షుగర్ అంచున ఉంది. నెలకో రెండు నెలలకో ఒకసారి ఎదలో దడదడగా ఉందంటాడు, ఆస్పత్రికి పోయేలోపల తగ్గిపోతుంది.

నేను చాలా ఏళ్ళు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో బయోమెడికల్ ల్యాబ్ చూసుకున్నాను. పిల్లల చేత ఒకరికొకరు ఈసీజీ తీయించడం, ఆ గీతలో కలిసిపోయిన కరెంటు రొదను వడగట్టించడం నా పని. ఆ పాపానికి ఇప్పుడు వీధిలో ఎవరు వాచీ కొనాలన్నా మా గేటు చప్పుడవుతుంది.

“ఆ వాచీతో నీకు ఏం తెలియాల?” అన్నాను.

“అన్నీ అన్నా. బీపీ, గుండె, ఆక్సిజన్, షుగర్. మూడు వేలకే అన్నీ చూపించేవి వస్తా ఉండాయి కదా.”

ఆ ‘అన్నీ’ దగ్గరే డబ్బు పోయేది. మన ఒంట్లో ఒక్కో సంకేతం ఒక్కో చోట గట్టిగా దొరుకుతుంది. గుండె కరెంటు ఎద మీద దొరుకుతుంది. రక్తపోటు జబ్బ దగ్గరి నరంలో దొరుకుతుంది. ఆక్సిజన్ వేలి కొనలో, షుగర్ చర్మం కింది నీటిలో. మణికట్టు అనేది వాచీ కట్టుకోవడానికి అలవాటైన చోటు మాత్రమే, ఏ సంకేతానికీ అది పుట్టిల్లు కాదు. కాబట్టి ఏ కంపెనీ అని అడిగేముందు, నాకు ఏ ప్రశ్నకు జవాబు కావాలి, ఆ జవాబు ఒంట్లో ఎక్కడ దొరుకుతుంది అని అడగండి. సగం షాపులు అక్కడే రాలిపోతాయి.

బీపీ: మామిడికాయకు కూడా నార్మలే

ల్యాబులో ఒక వేసవిలో పిల్లలు బీపీ చూపించే చవక వాచీ ఒకటి తెచ్చారు. పేరెందుకులే. ముందు నా చేతికి కట్టాం, 121/78 అంది. తర్వాత క్యాంటీన్ నుంచి తెచ్చిన బెంగళూర మామిడికాయకు కట్టాం. నిమిషం తిరక్కముందే 118/76 అంది. ఊరగాయ కావాల్సిన కాయ నాకంటే ఆరోగ్యంగా ఉందని పిల్లలు రెండు రోజులు నవ్వుకున్నారు.

దాంట్లో మాయేమీ లేదు. వాచీ వెనక ఆకుపచ్చ దీపం ఉంటుంది. ఆ వెలుగు చర్మంలోకి పోయి వెనక్కొస్తుంది, ఎంత వెనక్కొచ్చిందో పక్కనున్న సెన్సర్ కొలుస్తుంది. మామిడి తొక్క నుంచి కూడా వెలుగు వెనక్కొస్తుంది. ఆ సంకేతంలో ఉన్న చిన్న చిన్న వణుకులనే నాడి అనుకుని, మీరు ముందే ఇచ్చిన వయసూ బరువూ చుట్టూ ఒక అంకె అల్లేస్తే నూటికి తొంభై మందికి నమ్మబుద్ధయ్యేలాగే ఉంటుంది. బీపీ నిజంగా 170 ఉన్న మనిషికి కూడా అదే 120 చూపిస్తే అప్పుడు తెలుస్తుంది నొప్పి.

పెద్ద కంపెనీల వాచీలు కొన్ని ఈ పనిని కొంచెం నిజాయితీగా చేస్తాయి. నాడి అల ఆకారాన్ని చూసి పోటు ఎంత మారిందో లెక్కగడతాయి. కానీ అది మార్పు మాత్రమే. దేంతో పోల్చి మారిందో తెలియాలి కాబట్టి నెలకోసారి జబ్బకు కట్టే మిషన్‌తో వాటిని సరిచూపించాలి. అంటే బీపీ మిషన్ ఎట్లాగూ కొనాలి. అదెట్లాగూ కొనేటప్పుడు వాచీ బీపీ ఎందుకు అన్నది నా ప్రశ్న.

జబ్బ పట్టీ ఏం చేస్తుందో చూడండి. గాలి నింపి నరాన్ని పూర్తిగా నొక్కేస్తుంది, తర్వాత మెల్లగా వదులుతుంది. రక్తం మళ్ళీ దారి చేసుకునేటప్పుడు నరం కొట్టుకోవడం పట్టీలోని గాలికి తగులుతుంది. ఆ కొట్టుడు ఎక్కడ అన్నిటికన్నా పెద్దదిగా ఉందో అది సగటు పోటు, అక్కణ్ణించి లెక్కగట్టి పై అంకె, కింది అంకె చెబుతుంది. డాక్టరు స్టెతస్కోపుతో వినే పద్ధతి వేరు. అది 1905లో రష్యా డాక్టరు కొరొట్కోవ్ కనిపెట్టిన చప్పుళ్ళ పద్ధతి. రెండిట్లోనూ నరాన్ని నిజంగా నొక్కి చూస్తారు. వెలుగు వేసి ఊహించడం ఉండదు.

జబ్బ మిషన్, మణికట్టు మిషన్ రెండూ షాపులో పక్కపక్కనే ఉంటాయి. ఇవి గాలి నింపేవే, వాచీలు కావు. జబ్బదే తీసుకోండి. మణికట్టుది చేతిని గుండె ఎత్తులో పెట్టకపోతే తప్పుతుంది. చెయ్యి 10 సెంటీమీటర్లు కిందికుంటే 7, 8 అంకెలు ఎక్కువ చూపిస్తుంది. ముసలాయనకు ప్రతిసారీ చెయ్యి సరిగ్గా ఎద దగ్గర పట్టుకోమంటే పట్టుకోడు. జబ్బ మరీ లావుండి పట్టీ చుట్టు తిరగని వాళ్ళకే మణికట్టుది.

పట్టీ కొలత మాత్రం కచ్చితంగా చూసుకోండి. టేపు పెట్టి జబ్బ మధ్యలో చుట్టుకొలత తీసుకుని, పెట్టె మీద రాసిన కొలతలో ఉందో లేదో చూడాలి. చిన్న పట్టీ బీపీని ఎక్కువ చేసి చూపిస్తుంది. లావు జబ్బకు చిన్న పట్టీ కట్టి చూసి, లేని బీపీకి మాత్రలు మింగుతున్న వాళ్ళు మన మధ్యనే ఉంటారు. మోడల్ నిజంగా పరీక్షలకు నిలబడిందో లేదో స్ట్రైడ్ బీపీ అనే సంస్థ పెట్టిన జాబితాలో చూసుకోవచ్చు. ధర సుమారు రెండు మూడు వేలు. ఫోన్‌తో కలిసేది కావాలంటే ఇంకొంచెం. నేనైతే కలవని దానికే ఓటు. ఒక నోటు పుస్తకం, పెన్ను చాలు.

కొలిచే పద్ధతి తప్పితే పది వేల మిషన్ కూడా తప్పే చెబుతుంది. కాఫీ తాగి ఉంటే అరగంట ఆగాలి. కుర్చీలో వెన్ను ఆనించి, కాళ్ళు నేల మీద పెట్టి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. చొక్కా మీద పట్టీ కట్టకూడదు. నిమిషం తేడాతో రెండుసార్లు చూడాలి. పొద్దున మాత్రకు ముందు, రాత్రి పడుకునేముందు, ఇట్లా వారం రోజులు. మొదటి రోజు అంకెలు వదిలేసి మిగతావాటి సగటు చూడాలి. ఇంట్లో సగటు 135/85 దాటితే డాక్టరుకు చూపించాలి. ఆస్పత్రిలో చూసే గీత 140/90. ఇంట్లో గీత అంతకంటే కింద ఉంటుందని చాలామందికి తెలీదు.

నాడి: మెట్ల మీద వాచీ ఎందుకు తడబడుతుంది

ఇది నాకు బాగా ఇష్టమైన సంగతి, కొంచెం ఓపిగ్గా చదవండి.

మూడేళ్ళ కిందట మా తమ్ముడూ నేనూ అలిపిరి నుంచి ఎక్కాం. నా చేతికి వాచీ, ఎదకు నాడి చూసే పట్టీ. మొదటి మెట్టు దగ్గర రెండూ ఒకే మాట చెప్పాయి. గాలిగోపురం దాకా అన్నిటికన్నా ఎత్తైన మెట్లు. చెమట చొక్కా దాటి కారుతోంది. ఎద పట్టీ 148 అంటోంది. వాచీ ఏమో 112 దగ్గర హాయిగా కూర్చునుంది. గాలిగోపురం దగ్గర కూర్చుని చెయ్యి కదపకుండా పెడితే అర నిమిషంలో వాచీ కూడా దార్లోకొచ్చింది.

ఎందుకట్లా? వాచీకి వెనక్కొచ్చే వెలుగులో గుండె కొట్టుకోవడం వల్ల మారేది నూటికి ఒక పాలో రెండు పాళ్ళో. మిగతాదంతా చర్మం, ఎముక, కదలకుండా ఉండే రక్తం. చెయ్యి ఊగిందంటే ఆ ఊపు ఈ ఒకటి రెండు పాళ్ళకంటే ఎన్నో రెట్లు పెద్దది. దీన్ని తీసెయ్యడానికి వాచీలో కదలికను కొలిచే సెన్సర్ ఇంకొకటి పెడతారు. చెయ్యి ఎట్లా ఊగిందో అది చెబుతుంది, ఆ లయను వెలుగు సంకేతంలోంచి తీసెయ్యమని ప్రోగ్రాం రాస్తారు. మైదానంలో పరుగెత్తేటప్పుడు ఇది బాగానే పనిచేస్తుంది. మెట్లెక్కేటప్పుడు మన అడుగులు నిమిషానికి వంద, నూట పది పడతాయి. నాడి కూడా వంద నుంచి పైకి పోతుంటుంది. రెండు లయలూ పక్కపక్కకు వచ్చినప్పుడు ఏది అడుగో ఏది గుండో ప్రోగ్రాంకు తెలియదు. పాపం, గట్టిగా వినబడే అడుగునే పట్టుకుంటుంది. నా వాచీ చూపించిన 112 నా నాడి కాదు, నా అడుగులు.

ఎద పట్టీకి ఈ బాధ లేదు. అది వెలుగును చూడదు, గుండె కరెంటునే వింటుంది. ఎద మీద అది సుమారు ఒక మిల్లీవోల్టు. గుండె కింది గదులు బిగుసుకునేటప్పుడు ఒక నిటారు ముల్లు లేస్తుంది, ఈసీజీ కాగితంలో మీరు చూసే ఎత్తైన గీత అదే. ఆ ముల్లును ఏరడానికి 1985లో పాన్, టాంప్‌కిన్స్ అనే ఇద్దరు ఇంజనీర్లు రాసిన పద్ధతినే ఇప్పటికీ పిల్లలకు మొదటి పాఠంగా చెబుతాం. ఊపిరితో మెల్లగా పైకీ కిందికీ ఊగే గీతను తీసెయ్యడం, కండరాల గరగర, మన ఇళ్ళ 50 హెర్ట్జ్ కరెంటు రొద తీసెయ్యడం, మిగిలినదాంట్లో నిటారుగా లేచిన చోటును పట్టడం. అంతే. ముల్లు అంత పదునుగా ఉంటే కొంచెం ఊగినా పర్వాలేదు. ఫిన్లాండుకు చెందిన పోలార్ కంపెనీ 1980ల మొదట్లోనే వైరు లేని ఎద పట్టీలు అమ్మింది. నలభై ఏళ్ళ తర్వాత కూడా పరుగు పందెం వాళ్ళు అదే కట్టుకుంటున్నారంటే ఊరికే కాదు.

దాని లోపం ఏమిటంటే, కట్టుకోవాలి. పట్టీ లోపలి పక్క నీళ్ళతో తడపకపోతే మొదటి పది నిమిషాలు పిచ్చి అంకెలు చూపిస్తుంది. మన ఎండల్లో చెమట పట్టాక సరిపోతుంది కానీ, ఒరుసుకుంటుంది. చీర, జాకెట్టు లోపల ఎద పట్టీ కట్టుకోమని మా అత్తను అడిగే ధైర్యం నాకు లేదు. ధర నాలుగు నుంచి తొమ్మిది వేల దాకా. పరుగెత్తేవాళ్ళు, సైకిల్ తొక్కేవాళ్ళు, గుండె ఆపరేషన్ తర్వాత డాక్టరు చెప్పిన నాడి దాటకుండా నడవాల్సిన వాళ్ళు, వీళ్ళకు దీన్ని మించింది లేదు. రోజూ యూనివర్సిటీ మైదానంలో రెండు చుట్లు తిరిగే వాళ్ళకు వాచీ చాలు.

వాచీ కట్టేవాళ్ళకు రెండు మాటలు. మణికట్టు ఎముకకు రెండు వేళ్ళు పైన, కదలకుండా కానీ బిగించకుండా కట్టండి. గాజుల పక్కన కడితే ప్రతి గాజు తాకుడూ ఒక నాడే. మన పెద్దవాళ్ళ చేతుల మీద పచ్చబొట్లు ఉంటాయి చూడండి, ఆ రంగు ఆకుపచ్చ వెలుగును తాగేస్తుంది. పచ్చబొట్టు లేని చేతికి మార్చండి.

ఇంకొకటి, చాలామందికి ఎవరూ చెప్పనిది. 220లో వయసు తీసేస్తే వచ్చేదే గుండె గరిష్ఠ వేగం అని వాచీలు రంగులు చూపిస్తాయి. అది ఉజ్జాయింపు లెక్క, మనిషికీ మనిషికీ పది పన్నెండు తేడా మామూలు. బీపీకి మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్ళకైతే ఆ లెక్కే పనికిరాదు. ఆ మాత్రల పనే నాడిని పెరగనివ్వకపోవడం. ఒళ్ళు అలిసిపోతున్నా వాచీ పచ్చగానే ఉంటుంది. అట్లాంటి వాళ్ళకు నేను చెప్పేది డబ్బు ఖర్చు లేని సెన్సర్. మెట్లెక్కుతూ “గోవిందా గోవింద” అని గొంతెత్తి పూర్తిగా అనగలిగితే వేగం సరిపోయింది. మధ్యలో ఊపిరి తెగితే కూర్చోండి. మాట్లాడుతూ చేయగలుగుతున్నామా లేదా అన్నది డాక్టర్లు కూడా వాడే పరీక్షే, నేను కల్పించింది కాదు. 3,550 మెట్ల అలిపిరి దారిలో గాలిగోపురం తర్వాత చాలా దూరం చదునుగా ఉంటుంది, మళ్ళీ మోకాలి మెట్టు దగ్గర నిలువెత్తు. శ్రీవారి మెట్టు 2,388 మెట్లే కదా అని ఆ దారి పడతారు చాలామంది, కానీ అక్కడ ఊపిరి పీల్చుకునే చదును అంతగా దొరకదు. తక్కువ మెట్లు గుండెకు తేలిక అనుకోకండి.

దడ: వాచీ గెలిచే చోటు

ఇప్పటిదాకా వాచీని తిట్టాను కాబట్టి దాని గొప్ప కూడా చెప్పాలి. నెలకోసారి వచ్చి పోయే దడకు ఆస్పత్రి ఈసీజీ పనికిరాదు, అది పది సెకండ్ల బొమ్మ. 24 గంటలు ఎదకు వైర్లు అంటించుకుని తిరిగే హోల్టర్ మిషన్ కూడా ఆ రోజు దడ రాకపోతే ఖాళీ చేతులతో తిరిగొస్తుంది. అమెరికా శాస్త్రవేత్త నార్మన్ హోల్టర్ దీన్ని మొదట తయారుచేసినప్పుడు ఎనభై అయిదు పౌండ్ల బరువుతో వీపు మీద మోసే సంచిలా ఉండేదట. ఇప్పుడు అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది. అయినా బాధ అదే, దడ దాని కోసం రాదు.

ఈసీజీ ఉన్న వాచీ అయితే దడ వచ్చినప్పుడే కూర్చుని, రెండో చేతి వేలు దాని మీద పెట్టి, 30 సెకండ్లు ఆగితే గీత తీసి పెడుతుంది. ఎడమ చేతి నుంచి కుడి చేతికి గుండె మీదుగా ఒకే దారి, ఆస్పత్రిలో 12 దారుల నుంచి చూస్తారు. ఒకే కిటికీలోంచి ఇల్లు చూసినట్టు. అయినా గుండె లయ తప్పిందా లేదా అన్నదానికి ఆ ఒక్క కిటికీ చాలు. ఆపిల్ వాచీకి 2018లో అమెరికాలో మందులకూ వైద్య పరికరాలకూ అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ ఈ పనికి అనుమతి ఇచ్చింది. తర్వాత వేరే కంపెనీలవీ వచ్చాయి. ధర ఇరవై వేల చుట్టుపక్కల మొదలు. ఇంకొకటి ఉంది, జేబులో పట్టే చిన్న పలక, రెండు చేతుల వేళ్ళు పెడితే ఫోన్‌లో గీత వస్తుంది. వాచీలాగా రోజూ ఛార్జింగ్ పెట్టే పని లేదు, గుండ్రటి బిళ్ళ బ్యాటరీ మీద నడుస్తుంది. పెద్దవాళ్ళకు నేను దీన్నే ఎక్కువ చెబుతాను.

ఏమీ చేయకుండానే వాచీ తనంతట తాను “మీ గుండె లయ తప్పింది” అని చెప్పే సౌకర్యం వేరు, అది ఆకుపచ్చ వెలుగుతోనే చూస్తుంది. దీన్ని ఆపిల్ వాచీ పెట్టుకున్న 4,19,297 మంది మీద పరీక్షించి 2019లో ఫలితాలు ప్రచురించారు. హెచ్చరిక వచ్చింది వెయ్యిలో అయిదుగురికి. వాళ్ళలో ఎదకు అంటించే ఈసీజీ అతుకు పెట్టుకుని తిరిగి పంపినవాళ్ళలో మూడో వంతుకు ఆ తర్వాతి రోజుల్లో నిజంగా లయ తప్పినట్టు కనబడింది. అంటే హెచ్చరిక వస్తే ఈసీజీ తీయించుకోవాలి. రాకపోతే గుండె బాగుందని కాదు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. గుండెపోటును ఏ వాచీ పట్టుకోలేదు. ఎదలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లటి చెమట వస్తే వాచీ వైపు చూడొద్దు. 108కి ఫోన్ చెయ్యండి. షుగర్ ఉన్నవాళ్ళకు నొప్పి లేకుండా ఉత్త ఆయాసంతో కూడా రావచ్చు. నడకదారిలో ఉంటే పక్కవాళ్ళను పిలిచి, దగ్గర్లోని ప్రథమ చికిత్స కేంద్రానికి కబురు పంపండి.

ఆక్సిజన్

వేలికి తగిలించేది కొనండి, వాచీది వదిలెయ్యండి. రెండు మూడు మాటల్లో కారణం: 1970ల్లో జపాన్ ఇంజనీరు తకువో అయోయాగి కనిపెట్టిన ఈ పద్ధతిలో ఎర్ర వెలుగు, కంటికి కనబడని ఇంకో వెలుగు వేలి ఒక పక్క నుంచి రెండో పక్కకు దూసుకుపోతాయి. ఆక్సిజన్ ఉన్న రక్తం ఒకదాన్ని, లేని రక్తం ఇంకొకదాన్ని ఎక్కువ తాగుతుంది. మణికట్టు గుండా వెలుగు దూసుకుపోదు, వెనక్కొచ్చిందాంతోనే సర్దుకోవాలి. గోళ్ళ రంగు, కోన్‌తో పెట్టే నల్ల మెహందీ ఉంటే వేలి మిషన్ కూడా తప్పుతుంది. ముదురు రంగు చర్మానికి ఇది ఉన్నదానికన్నా కొంచెం ఎక్కువ చూపించవచ్చని 2020లో అమెరికా ఆస్పత్రుల లెక్కలు తేల్చాయి, మన రంగుకు అది పట్టించుకోవాల్సిన మాటే. తిరుమల ఎత్తుకు ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ ఆక్సిజన్ లెక్కపెట్టేంతగా పడిపోదు. వాచీ 86 చూపిస్తే ముందు చెయ్యి తుడుచుకుని, కూర్చుని మళ్ళీ చూడండి. ఆయాసం కూడా ఉంటే అంకెతో పని లేదు, డాక్టరుతోనే.

షుగర్

సూది లేకుండా షుగర్ చూపించే వాచీ, ఉంగరం లేవు. అమెరికా ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో అట్లాంటి దేనికీ తాను అనుమతి ఇవ్వలేదని, నమ్మి మందులు మార్చుకుంటే ప్రాణం మీదికి వస్తుందని హెచ్చరించింది. ఆన్‌లైన్‌లో రెండు వేలకు అమ్ముతున్నారంటే, మామిడికాయ కథ గుర్తు తెచ్చుకోండి.

నిజంగా ఒంటికి తగిలించుకునేది సీజీఎం అనే, రోజంతా షుగర్ చూస్తూనే ఉండే బిళ్ళ. జబ్బ వెనక అంటిస్తారు, వెంట్రుక లాంటి తీగ ఒకటి చర్మం కిందకు దిగుతుంది. రక్తం కాదు, కణాల మధ్య ఉండే నీటిలో షుగర్ చూస్తుంది. అందుకే రక్తం కంటే ఐదు నుంచి పదిహేను నిమిషాలు వెనకబడి ఉంటుంది. రెండు వారాలకు బిళ్ళ ఒకటి, నాలుగైదు వేలు. ఇన్సులిన్ వేసుకునేవాళ్ళకు, రాత్రిళ్ళు షుగర్ పడిపోయే వాళ్ళకు ఇది ప్రాణం లాంటిది. షుగర్ అంచున ఉన్నవాళ్ళు ఏడాది పొడుగునా కొనక్కర్లేదు. ఒక్క బిళ్ళ పెట్టుకుని ఆ రెండు వారాల్లో సంగటి ముద్ద తిన్న రోజు, అన్నం తిన్న రోజు, పెళ్ళి భోజనం రోజు గీత ఎట్లా ఎగిరిందో చూసుకుంటే చాలు. మా పెద్దనాయన అట్లా చూసుకునే, సంగటి కూడా షుగర్‌కు బెల్లం లాంటిదేనని, ముద్ద సైజు తగ్గించాలని ఒప్పుకున్నాడు. డాక్టరు ఐదేళ్ళు చెప్పినా వినలేదు.

ఆ చెయ్యి మీద ఒత్తిగిలి పడుకుంటే షుగర్ పడిపోయినట్టు అబద్ధం చెబుతుంది. విటమిన్ సి మాత్రలు ఎక్కువ మింగితే కొన్ని బిళ్ళలు ఎక్కువ చూపిస్తాయి. మన మే నెల చెమటకు అంటు ఊడిపోతుంది, పైన టేపు వెయ్యాలి. కొన్న పెట్టెను ఎండలో బండి డిక్కీలో పెట్టకండి. అంకెకూ ఒంటికీ పొంతన లేకపోతే గ్లూకోమీటరుతో వేలు గుచ్చి చూడటమే. చాలామందికి ఆ గ్లూకోమీటరే చాలు. మిషన్ ధర కాదు, రక్తం చుక్క పెట్టే స్ట్రిప్పుల ధర చూసి కొనండి, ఏళ్ళ తరబడి కొనేది వాటినే.

ఉంగరాలు, నిద్ర, క్యాలరీలు

ఉంగరం రాత్రి వాచీ కంటే మంచిది. వేలి నరాలు దగ్గరగా ఉంటాయి, నిద్రలో ఒరుసుకోదు. నిద్రలో నాడి, వేడి, ఒక కొట్టుడుకూ ఇంకో కొట్టుడుకూ మధ్య తేడాలు బాగా పడుతుంది. కానీ ఏ నిద్ర దశలో ఎంతసేపు ఉన్నారన్నది మాత్రం ఊహే. ఆస్పత్రిలో తలకు వైర్లు పెట్టి మెదడు సంకేతాలు చూసి చెప్పేది వేరు. వేసవిలో వేళ్ళు ఉబ్బుతాయి, కొలత ఉంగరం ముందు తెప్పించుకుని ఒక రోజంతా పెట్టుకుని చూడండి. రుబ్బే, తోమే చేతులకు ఇది వద్దు.

క్యాలరీ అంకెను అసలు చూడకండి. స్టాన్‌ఫర్డ్ వాళ్ళు 2017లో ఏడు వాచీలను పరీక్షిస్తే నాడి దాదాపు అన్నీ బాగానే చెప్పాయి, క్యాలరీల్లో అన్నిటికన్నా మంచిదే 27 శాతం తప్పింది. అన్నిటికన్నా చెడ్డది 93 శాతం. వాచీ చెప్పిందని ఇంకో లడ్డూ తినేవాళ్ళకు ఇది వినబడాలి.

ఆ పిల్లోడికి చెప్పింది

డబ్బు రెండు మూడు వేలే ఉంటే జబ్బ బీపీ మిషన్, ఇంకేమీ వద్దు. ఇంకొంచెం ఉంటే దాంతో పాటు, దడ సంగతి తేలాలి కాబట్టి, జేబు ఈసీజీ పలక. షుగర్‌కు ఒక్క బిళ్ళ, అదీ డాక్టరు సరే అంటే. వాచీ చివర్లో, నాయన అడిగితేనే. ఆయన చేతిలో ఉండేది బటన్ల ఫోన్, వాచీ కట్టినా దాన్ని దేనికి కలుపుతావు అన్నాను. నవ్వాడు, ఆ సంగతి ఆలోచించలేదట. పలకకు కూడా ఫోన్ కావాలి కదా అని వాళ్ళమ్మ స్మార్ట్‌ఫోన్‌కు కలిపాం.

కొనేటప్పుడు పెట్టె తిప్పి చూడమన్నాను. బీపీ మిషన్, గ్లూకోమీటరు మన దేశంలో 2017 వైద్య పరికరాల నిబంధనల కిందికి వస్తాయి, లైసెన్సు నంబరు ఉండాలి. చాలా వాచీల పెట్టెల వెనక మాత్రం ‘వైద్య అవసరాలకు కాదు’ అని చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. ముందు పక్క ఎంత పెద్ద గుండె బొమ్మ వేసినా ఆ చీమ తలకాయే ఒప్పందం. ఇంటికొచ్చాక బిల్లు దాచిపెట్టి, వారం లోపల మిషన్‌ను డాక్టరు దగ్గరికే పట్టుకెళ్ళి ఆయన మిషన్ పక్కన పెట్టి ఒకసారి చూసుకోవాలి.

మిషన్ తెచ్చారు. పొద్దున అంకెలు వారమంతా 150 పైనే. మాత్ర బలం రాత్రికే తగ్గిపోతోంది. నోటు పుస్తకం చూసి డాక్టరు మాత్ర మార్చారు, గుండె స్కాన్ (ఎకో), ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించమన్నారు, అవి అయ్యేదాకా మెట్లు వద్దన్నారు. పోయిన శుక్రవారం నాయన ఆర్టీసీ బస్సులో కొండకు పోయొచ్చాడు. నాతో ఇంకా మాట్లాడలేదు. లడ్డూ మాత్రం పంపించాడు, సగం.